తిరుగు టికెట్టు చెల్లని రోజులు

మా వ్యాపారంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈమధ్య నన్ను అడుగుతున్నారు, ఇంకా ట్రావెల్ ఆఫీసులు ఎందుకండీ, టికెట్టు ఫోన్లోనే దొరుకుతోంది కదా అని. నిజమే. టికెట్టు కొనిపెట్టడమే మన పని అనుకుంటే మన అవసరం ఎప్పుడో తీరిపోయింది. కానీ నేను ఉద్యోగం చేసినన్నాళ్ళలో టికెట్టు అనేది పనిలో చిన్న ముక్క. వెళ్ళిన మనిషి తిరిగి ఇంటికి చేరే వరకూ ఏ నిబంధన అడ్డొస్తుందో, ఏ బీమా ఎంతవరకు ఆదుకుంటుందో చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పడం అసలు పని. అది నాకు బాగా తెలిసొచ్చింది కరోనా మొదటి ఏడాదిలో. ఆ ఏడాది జరిగిన ఒక్క సంగతి మాత్రం వివరంగా రాస్తాను. మిగిలిన సర్వీసులో అంతకన్నా పెద్దగా చెప్పుకోవలసింది లేదు.

నేను తాడేపల్లిగూడెంలో ఉండేదాన్ని. ఆఫీసు ఏలూరు పవర్‌పేటలో. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళి సాయంత్రం అదే దారిన తిరిగొచ్చేదాన్ని. మా దగ్గరికి వచ్చేవాళ్ళు రకరకాల మనుషులు. చేపల బేరానికి కలకత్తా వెళ్ళే మండవల్లి చెరువుల వాళ్ళు, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు, తివాచీల ఎగుమతి వాళ్ళు, కాశీకి విమానంలో వెళ్ళాలని ముచ్చటపడే పెద్దవాళ్ళు. ఇందులో ఏ ఒక్కరికీ బీమా పాలసీ చదివే ఓపిక ఉండదు. అందుకే మనం చదవాలి.

మా ఓనరు గారు

మా ఓనరు సుబ్బారావు గారిది ఏలూరులో పాత వర్తక కుటుంబం. వాళ్ళ నాన్నగారు బట్టల కొట్టు నడిపేవారు. ఈయన బస్సు టికెట్లతో మొదలుపెట్టి విమానాల దాకా వచ్చారు. మనిషి మంచివారు. ఆఫీసులో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా తనే కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళేవారు. అయితే ఆయనలో ఒక లోపం ఉండేది. కస్టమరు ఏదైనా అడిగితే "తెలీదు" అనడం ఆయనకి చేతకాదు. కొట్టుకొచ్చిన వాళ్ళని ఉత్త చేతులతో పంపకూడదన్న అలవాటు అలా మాటల్లోకి వచ్చిందనుకుంటాను. "ఏం పర్వాలేదండీ, వెళ్ళిపోండి" అనేవారు. మామూలు రోజుల్లో నూటికి తొంభై సార్లు నిజంగానే ఏం పర్వాలేకపోయేది. అందుకని ఆ మాటలో ఉన్న ప్రమాదం ఎవరికీ కనపడలేదు.

బీమా విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ చిన్న తేడా ఉండేది. తిరిగి వచ్చే తేదీ తర్వాత కూడా కొన్ని రోజులు పాలసీ ఉండేలా తీసుకోమని నేను చెప్పేదాన్ని. కస్టమరు మీద అనవసరపు భారం ఎందుకండీ అనేవారాయన. చెప్పడం మన ధర్మం, వద్దంటే వాళ్ళిష్టం అనేదాన్ని. ఆయన నవ్వేసి ఊరుకునేవారు.

పామాయిల్ రైతుల ప్రయాణం

పెదవేగి చుట్టుపక్కల పామాయిల్ తోటలు ఎక్కువ. ఆ రైతులు కొందరు కలిసి, మలేసియాలో తోటలు ఎలా చేస్తున్నారో చూసొద్దామని సొంతంగా ఒక ప్రయాణం పెట్టుకున్నారు. ఆరుగురు. అందులో నలుగురు మగవాళ్ళు ఒకరికొకరు స్నేహితులు. మిగిలిన ఇద్దరూ మామా కోడళ్ళు. ఆయన పేరు రాఘవయ్య, డెబ్బైకి దగ్గరపడిన మనిషి. కోడలు సత్యవతి. భర్త పోయాక తోట ఆవిడే చూసుకుంటోంది. పెద్దమ్మాయి భవాని ఇంటర్, చిన్నమ్మాయి పదో తరగతి. పిల్లల్ని నాయనమ్మ దగ్గర వదిలి బయల్దేరింది.

ఆఫీసుకి సత్యవతి ఒక్కతే వచ్చింది, ఇద్దరి పాస్‌పోర్టులూ తీసుకుని. బీమా తేదీల గురించి నేను చెప్పింది విని, కొన్ని రోజులు ఎక్కువే తీసుకుంది. మామగారికి ఏమైనా జబ్బులున్నాయా అని అడిగితే బీపీ ఉందని చెప్పింది. అదీ రాయించాను. ఇవేవీ గొప్ప తెలివితేటలు కావు, రోజూ చేసే పనులే. అప్పటికి కరోనా అన్న మాట పేపర్లో వస్తోంది గానీ అది చైనాలో సంగతి అన్నట్టుండేది. ప్రయాణం మానుకోమని చెప్పడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. మానుకుంటారా అని మాత్రం అడిగాను. మగవాళ్ళు నలుగురూ ఒప్పుకోలేదట. దాంతో వెళ్ళడానికే తనూ సరే అంది.

అక్కడ ప్రయాణం సగంలో ఉండగా ఒక తోటలో రాఘవయ్య గారు పడిపోయారు. కోసిన గెల బరువెంతో చూద్దామని ముందుకి వంగి, తడిమట్ట మీద కాలేసి, పక్కనున్న కాలవలోకి జారారు. తుంటి ఎముక విరిగింది. దగ్గర్లోని పట్టణంలో ఆస్పత్రిలో చేర్చారు. బీమా కంపెనీకి అదే రోజు తెలియజేశాం. ఆపరేషన్‌కి వాళ్ళ అనుమతి త్వరగానే వచ్చింది. ఇక్కడి వరకూ ఇది మా ఆఫీసులో అప్పుడప్పుడూ వచ్చే కేసే. ఆపరేషన్ బాగా జరిగిందని సత్యవతి ఫోన్ చేసి చెప్పింది. ఇంకొన్నాళ్ళకి వీల్‌చైర్లో కూర్చోబెట్టి తీసుకొచ్చేయవచ్చనే అందరం అనుకున్నాం.

విమానాలు ఆగిపోవడం

ఆ వారంలోనే నిబంధనలు మారడం మొదలైంది. పొద్దున ఒక ఉత్తర్వు, సాయంత్రం ఇంకొకటి. మలేసియాలో జనం కదలకుండా కట్టడి పెడుతున్నారన్న వార్త విని, ఆ నలుగురు రైతులూ ముందే వచ్చేస్తామని ఫోన్ చేశారు. సుబ్బారావు గారు విమానాల వాళ్ళకి ఫోన్ చేశారు. అవతల ఎవరో, సర్వీసు ఉందండీ అన్నారు. ఆయన ఆ మాటనే రైతులకి చెప్పి, ఏం పర్వాలేదు, ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోండి అన్నారు.

విమానం ఉండటం వేరు, ఆ దేశం నుంచి వచ్చేవాళ్ళని మన దేశంలోకి రానివ్వడం వేరు. విమానాల వాళ్ళు మొదటిదే చెబుతారు, రెండోది ప్రభుత్వం చెబుతుంది. ప్రభుత్వం ఉత్తర్వు అప్పటికే వచ్చింది. మలేసియా నుంచి ప్రయాణికుల్ని తీసుకురావద్దని. రైతులు చెక్-ఇన్ దగ్గర నిలబడ్డాక తెలిసింది. బయట హోటళ్ళు మూసేస్తున్నారు, లోపల విమానం లేదు. వాళ్ళలాగే చదువుకునే పిల్లలు, కూలీలు అక్కడే నేలమీద కూర్చున్నారు.

సుబ్బారావు గారి ముఖం ఆ రోజు చూడలేనట్టుగా ఉంది. ఆయన్ని సమర్థించను గానీ ఒకటి చెప్పాలి. ఆ నలుగురి ఇళ్ళకీ తనే ఫోన్ చేశారు, నా మాట విని వెళ్ళారండీ, నేను కనుక్కోకుండా చెప్పాను అని. చాలామంది యజమానులు ఆ ఫోన్లు నాలాంటి ఉద్యోగుల చేత చేయిస్తారు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫోన్లో ఎవరో చెప్పింది కస్టమరుకి చెప్పకూడదు. ఉత్తర్వు చూసి, దాని మీద తేదీ చూసి, అప్పుడే చెప్పాలి. చూడకపోతే, చూడలేదని చెప్పాలి.

అక్కడ చిక్కుకున్న వాళ్ళ కోసం తర్వాత విశాఖకి ఒక ప్రత్యేక విమానం ఏర్పాటు చేశారు. నలుగురికీ చోటు దొరికింది. సత్యవతికి కూడా దొరికింది. రాఘవయ్య గారు మాత్రం పడుకున్న మనిషి. ప్రయాణం చేయవచ్చని డాక్టరు రాసివ్వాలి, ఆపరేషన్ అయిన అంత తొందరలో ఆ కాగితం ఇవ్వనన్నారు.

ఆ విమానం పోతే మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. నలుగురు రైతులూ ఆవిడ్ని రమ్మన్నారు. ఆడపిల్లలున్నారు ఇంటి దగ్గర, ఆయన్ని ఆస్పత్రి వాళ్ళు చూసుకుంటారు అన్నారు. రాఘవయ్య గారు అయితే కోప్పడ్డారట, నువ్వు పిల్లల దగ్గరికి పో అమ్మా, నా సంగతి నేను చూసుకుంటానని. సుబ్బారావు గారు కూడా నన్ను పక్కకి పిలిచి, మీరు చెబితే వింటుంది, వచ్చేయమనండి అన్నారు.

అప్పుడే ఆవిడ నాకు ఫోన్ చేసింది.

"మేడమ్ గారూ, నేనిప్పుడు వచ్చేస్తే ఆయన పాలసీకి ఏమైనా ఇబ్బందా అండీ?"

"ఇబ్బందేమీ లేదండీ. ఆయన పాలసీ ఆయనదే. మీరున్నా లేకపోయినా ఆస్పత్రి ఖర్చు వాళ్ళు కడతారు."

"నేను ఉండిపోతే?"

"మీ తిండికీ బసకీ పాలసీలో ఏమీ రాదండీ. మళ్ళీ విమానాలు ఎప్పుడు మొదలవుతాయో నాకు తెలీదు."

వచ్చేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉండమని చెప్పడానికి నేనెవర్ని? మన పనిలో ఇలాంటి చోట ఆగిపోవాలి. నిబంధన మనం చెబుతాం, నిర్ణయం వాళ్ళది. ఆ హద్దు దాటి సలహా ఇచ్చినవాళ్ళని చూశాను. తర్వాత ఆ సలహా బరువు మోయడానికి వాళ్ళెవరూ ఉండరు.

"ఆయనకి తెలుగు తప్ప ఏదీ రాదండీ" అంది చివరికి. "దాహమేస్తే ఎవర్ని అడుగుతారు? నేను ఉంటాను. భవానికి మీరు ఒకసారి ఫోన్ చేసి చెప్పగలరా? నేను చెబితే దాని గొంతు వినగానే మనసు మారిపోతుందేమో."

భవానికి నేనే చెప్పాను. ఆ పిల్ల అంతా విని, అమ్మని తోట గురించి బెంగ పెట్టుకోవద్దనండి అంది.

పాలసీ ఎంతవరకు

కొద్దిరోజుల్లో ఇక్కడ కూడా లాక్‌డౌన్ వచ్చింది. పాసింజర్లు ఆగిపోయాయి. గూడెంలో మా ఇంట్లోనే వంటింటి పక్క గదిలో కూర్చుని ఫోన్ మీద పనిచేశాను. ఉల్లిపాయల లారీలు తప్ప రోడ్డు మీద ఏమీ లేదు.

ఇద్దరి పాలసీలూ అయిపోయే రోజు దగ్గరకొస్తోంది. పాలసీ పొడిగించమని అది అయిపోయే లోపలే అడగాలి, అయిపోయాక అడిగితే ఒక్క రోజు తేడా అయినా పొడిగించరు. ముందే అడిగాను. సత్యవతిది పొడిగించారు. రాఘవయ్య గారిది పొడిగించలేదు. ఒకసారి క్లెయిమ్ పెట్టిన మనిషికి పొడిగింపు లేదని వాళ్ళ నిబంధన.

హైదరాబాదులో ఆ కేసు చూస్తున్న ఆఫీసరు కుర్రవాడే అయినా నెమ్మదైన మనిషి. విసుక్కోకుండా నాకు వివరించాడు. పాలసీ గడువు అయిపోయినా, అప్పటికే ఆస్పత్రిలో ఉన్న రోగికి అదే చికిత్స సాగుతున్నంత కాలం ఒక హద్దు వరకు కంపెనీ భరిస్తుంది. డిశ్చార్జి అయిన క్షణం నుంచి భరించదు. తోడున్న కుటుంబసభ్యుల బసకి ఏమైనా వస్తుందా అని మళ్ళీ అడిగాను. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు వరకే అండీ అన్నాడు. కోడలు ఆ నిర్వచనంలో లేదు. "నాకూ బాధగానే ఉందండీ, కానీ రాసింది అలా ఉంది" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఇవ్వలేనిది ఇస్తానని చెప్పలేదు, ఇవ్వవలసింది ఆపలేదు. బీమా ఆఫీసర్లలో అంతకన్నా నేనేమీ కోరుకోను.

సత్యవతికి ఇదంతా చెప్పాను. ఆస్పత్రిలో ఉంటే పాలసీ ఉంటుంది, బయటికొస్తే ఉండదు అని.

సుబ్బారావు గారి ఆలోచన వేరు. ఇంకొన్నాళ్ళు ఆస్పత్రిలోనే ఉంచమని అడగమన్నారు. ఖర్చు కంపెనీది, మంచం మీద మనిషికి మూడు పూటలా తిండి, అంతలోపు విమానాలు రావచ్చు. వినడానికి సబబుగానే ఉంది. సత్యవతి కూడా ఆ సంగతే డాక్టరుని అడిగింది. ఆయన దాచకుండా చెప్పాడట. అదే ఆస్పత్రిలోకి కరోనా రోగులు వస్తున్నారు, పక్క బ్లాకు వాళ్ళకే ఇచ్చేశారు, ఈ వయసు మనిషికి ఇక్కడుండటమే ప్రమాదం అని.

మర్నాడు ఫోన్ చేసి, డిశ్చార్జి చేయించేస్తున్నానండీ అంది. ఎక్కడుంటారు అన్నాను.

అప్పమ్మ గారి ఇల్లు

ఆ వార్డులో అప్పమ్మ గారని ఒక నర్సు ఉండేవారు. ముత్తాతల కాలంలో మన కోస్తా నుంచి తోటపనికి ఆ దేశం వెళ్ళిన కుటుంబం. సత్యవతి ఒకరోజు మామగారితో, "మావయ్యగారూ, కాస్త జావ తాగండి" అని బతిమాలుతుంటే, అటువైపు వెళ్తున్న ఆవిడ ఆగిపోయి వెనక్కి తిరిగారట. ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి, మీరు తెలుగోళ్ళేటి అన్నారట.

కట్టడి మొదలయ్యాక హోటలు వాళ్ళు గది ఖాళీ చేయమంటే సత్యవతిని తన ఇంటికి తీసుకెళ్ళింది ఆవిడే. భర్త లేరు, కొడుకు వేరే ఊళ్ళో. ఇప్పుడు రాఘవయ్య గారిని కూడా అక్కడికే తీసుకురమ్మన్నారు. ముసలాయన్ని ఎక్కడ ఒగ్గేస్తావమ్మా, కింద గది ఖాళీగానే ఉంది అన్నారట. ఆవిడతో నేను ఒక్కసారే ఫోన్లో మాట్లాడాను. ఆవిడ తెలుగు చిన్నప్పుడు మా వీధిలో విజయనగరం వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మాట్లాడినట్టు అనిపించింది.

వాళ్ళు ఆ ఇంట్లో ఉన్న కాలం మూడు నెలలకి కాస్త అటూ ఇటూ. అప్పమ్మ గారు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, రాఘవయ్య గారి చేత కాలు కదిలించే వ్యాయామాలు చేయించేవారు. సత్యవతి ఇంటిపనంతా చూసుకునేది. పెరట్లో గోంగూర మొక్కలున్నాయండీ అని నాకు చెప్పినప్పుడు ఆవిడ గొంతులో మొదటిసారి కాస్త తేలిక వినపడింది.

ఇక్కడ భవాని తోట పని చేయించింది. కూలీలు రావడానికి భయపడితే, దూరదూరంగా చెట్ల వరసలు పంచి ఇచ్చి గెలలు కోయించింది. పదో తరగతి పరీక్షలు రద్దయ్యాక చెల్లెలు కూడా తోటలోకి వచ్చేదట. వీళ్ళ సంగతులు తల్లికి, తల్లి సంగతులు వీళ్ళకి ఒక్కోసారి నా ద్వారా వెళ్ళేవి. ఇద్దరిలో ఎవరికైనా కష్టంగా ఉన్న మాట ఉంటే అది నాకు చెప్పేవారు, నేను కొంచెం నెమ్మది చేసి చెప్పేదాన్ని. ఇది ఏ కోర్సులోనూ నేర్పరు.

మన వాళ్ళని తీసుకురావడానికి ప్రభుత్వం విమానాలు నడపడం మొదలుపెట్టాక, ఎంబసీలో ఇద్దరి పేర్లూ నమోదు చేయించాను. కారణం దగ్గర వైద్య అవసరం అని రాయించాను. ఇంకా పెద్ద కారణం ఏమైనా రాద్దామా అని సుబ్బారావు గారు అడిగారు గానీ నేను ఒప్పుకోలేదు. అక్కడ ఆస్పత్రి కాగితం అడుగుతారు. రాసినదానికీ కాగితానికీ తేడా వస్తే వరసలో ఆఖరికి పోతారు. రోజూ పొద్దున నిబంధనలు మళ్ళీ చదివేదాన్ని. నిన్నటి రూలు ఇవాళ ఉండేది కాదు. వాట్సాప్‌లో తిరిగేవి సగం పాతవి, సగం వేరే రాష్ట్రానివి.

పిలుపు వచ్చింది. గన్నవరానికే విమానం. డాక్టరు కాగితం అప్పమ్మ గారు పట్టుకొచ్చారు. ఎయిర్‌పోర్టు దాకా కారులో తనే దింపారు. అక్కడ రాఘవయ్య గారు ఆవిడకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెడితే, పెద్దవారు మీరు నాకు పెట్టకూడదని ఆవిడ ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశారట.

గన్నవరంలో

బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు ముందు ప్రభుత్వం చూపించిన క్వారంటైన్‌లో ఉండి, ఆ తర్వాతే ఇంటికి వెళ్ళాలి. తీవ్రమైన అనారోగ్యం ఉన్నవాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది, నేరుగా ఇంటికెళ్ళి విడిగా ఉండవచ్చు. ఇద్దరికీ ఆ మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టాను. రాఘవయ్య గారికి వస్తుందని నాకు తెలుసు. సత్యవతికి వస్తుందో రాదో తెలీదని ఆవిడకి ముందే చెప్పాను.

వాళ్ళు దిగి వరసలో ఉండగా ఆవిడ నాకు ఫోన్ చేసి, తీసేయకుండా చేతిలోనే పట్టుకుంది. డెస్కు దగ్గర మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. అక్కడి ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. పెద్దాయనకి అనుమతి వచ్చింది, అంబులెన్సులో ఇంటికి పంపిస్తాం. మీకు రాలేదమ్మా, మీరు ఏలూరు సెంటర్‌కి వెళ్ళాలి. ఆవిడ వాదించలేదు. ఇంటి దగ్గర అత్తగారు, పిల్లలు ఉన్నారండీ, ఆయన్ని చూసుకుంటారు అంది. ఫోన్లో నాతో, నేను లేకపోయినా ఇంటికి చేరిపోతారు, అదే చాలండీ అంది.

అప్పుడు రాఘవయ్య గారి గొంతు వినపడింది. అన్ని నెలల్లో ఆయన గొంతు నేను వినడం అదే మొదలు.

"బాబూ, నాకిచ్చిన అనుమతి నాకొద్దండి. నేనూ ఏలూరే వెళ్తాను."

ఆఫీసరు మెల్లిగా నచ్చజెప్పబోయాడు. సెంటర్లో మంచాలు మామూలువి, బాత్రూములు ఎలా ఉంటాయో చెప్పలేం, మీ వయసుకి కష్టం అన్నాడు. సత్యవతి కూడా, మావయ్యగారూ, మీరు ఇంటికెళ్ళండి, పిల్లలు ఎదురుచూస్తున్నారు అంది.

"పిల్లలు ఎదురుచూసేది నాకోసమా అమ్మా?" అన్నారాయన. "నువ్వు లేకుండా నేనొక్కణ్ణే ఆ గుమ్మంలో దిగితే వాళ్ళకి నేనేం చెప్పను? విమానంలో చోటుండగా నువ్వు నన్ను ఒదిలిపెట్టి రాలేదు. ఇప్పుడు నేనెలా వెళ్తాను?"

ఆఫీసరు, అనుమతి మీరే వద్దన్నట్టు రాసివ్వాలి పెద్దాయనా అన్నాడు. రాసిస్తానండీ అన్నారు.

నేను ఫోన్ పెట్టేసి, ఏలూరు సెంటర్ చూస్తున్న వాళ్ళకి చేశాను. అదొక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు. కింద అంతస్తులో, కూర్చునే కమోడ్ ఉన్న గది ఒకటి వార్డెన్‌ది ఖాళీగా ఉందని తెలిసింది. అడిగితే ఇచ్చారు. అడగకపోతే పై అంతస్తు ఇచ్చేవారు. మన ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇలా అడగడమే.

గేటు దగ్గర

సుబ్బారావు గారికి పాసు ఉండటంతో ఒకరోజు నన్ను గూడెం నుంచి కారులో తీసుకెళ్ళారు. లోపలికి వెళ్ళనివ్వరు. వరండా ముందు ఖాళీ స్థలం, తర్వాత గేటు, గేటు ఇవతల మేము. మేము వెళ్ళేసరికి భవాని, చెల్లెలు అక్కడ ఉన్నారు. తోట వైపు నుంచి ఎవరిదో ట్రాక్టరులో వచ్చారు. ఇద్దరి ముఖాలకీ మాస్కులు.

సత్యవతి వరండా చివరిదాకా వచ్చి నిలబడింది. చాలా చిక్కిపోయింది. పిల్లలు గేటు ఊచలు పట్టుకుని అమ్మా అన్నారు, అంతే. తోట ఎలా ఉంది అని అడిగింది. బాగుందమ్మా అంది భవాని. మీరు వేళకి తింటున్నారా అంది. తింటున్నాం అంది చిన్నది. ఇంకేదో అడగబోయి ఆగిపోయింది సత్యవతి.

అన్ని నెలల్లో నాతో ఎన్ని సార్లు మాట్లాడిందో, ఒక్కసారి కూడా ఆవిడ గొంతు వణకడం నేను వినలేదు. విమానం ఒదులుకున్న రోజున కూడా. ఇప్పుడు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్లలు దగ్గరికి వెళ్ళడానికి లేదు.

రాఘవయ్య గారు వెనక కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి. పొడుగ్గా, ఎముకలగూడులా ఉన్నారు. కోడలి వైపు ఒకసారి చూశారు. తర్వాత వాకర్ రెండు చేతులతో పట్టుకుని, ఎవరి సాయం లేకుండా నెమ్మదిగా లేచారు. ఆవిడ ఏడుస్తున్నంతసేపూ గోడ వైపుకి తిరిగి, అలాగే నిలబడ్డారు.